తుపాన్ల నెలలకు ముందే: మంచాన ఉన్నవారిని చివరిదాకా చూసుకునే సహాయకులకు నేర్పవలసిన జాగ్రత్తలు

నెల్లూరు జిల్లాకు ఏడాదిలో అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కురుస్తాయి. ప్రకాశం జిల్లా తీరానికీ తుపాన్ల భయం ఎక్కువగా ఉండేది ఆ నెలల్లోనే. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు జాతీయ రహదారి తెగి రాకపోకలు ఆగిపోయాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ భారీ వానల్లో తడిశాయి. జాతీయ రహదారే తెగిన రోజున, మన్నేరు మీదో గుండ్లకమ్మ వాగుల మీదో ఉన్న చప్టా దాటి 108 వాహనం ఊళ్లోకి వస్తుందని నమ్మి కూర్చోవడానికి లేదు. క్యాన్సరు ముదిరినవారు, మూత్రపిండాలు పాడైనవారు, పక్షవాతంతోనో వయసుతోనో మంచాన పడినవారు ఉన్న ఇళ్లలో అటువంటి రాత్రి రోగి పక్కన మెలకువగా ఉండేది చాలాసార్లు పనికి పెట్టుకున్న సహాయకురాలు (కేర్‌టేకరు) ఒక్కతే. అందుకే ఆమెకు ఇవ్వవలసిన శిక్షణ సెప్టెంబరు నెలాఖరుకు పూర్తి కావాలి.

శిక్షణ ఇచ్చేవారు మొదట గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఆ రాత్రుల్లో రోగికి జరిగే హాని ఎక్కువగా నిర్లక్ష్యం వల్ల జరగదు, కంగారులో చేసే పనుల వల్ల జరుగుతుంది. మింగలేనివారి నోట్లో నీళ్లు పోస్తారు, ఒక్కరే లేపబోయి కింద పడేస్తారు, ఊపిరి తీరు మారగానే వరద నీటిలో ఆటో ఎక్కిస్తారు. కాబట్టి ఏం చేయాలో నేర్పినంత శ్రద్ధగా ఏం చేయకూడదో, ఏది చేయకుండా పక్కన కూర్చోవాలో కూడా నేర్పాలి. వాటి వెనుక ఉండే నిర్ణయాలను వానలు మొదలు కాకముందే ఇంటివారితోనూ డాక్టరుతోనూ మాట్లాడించి తేల్చి పెట్టాలి.

ఆ నిర్ణయాల్లో మొదటిది రోగిని ఎక్కడ ఉంచాలన్నది. కొత్తపట్నం, సింగరాయకొండ, విడవలూరు, ఇందుకూరుపేట వంటి తీర మండలాల్లో రేకుల ఇంట్లోనో తాటాకు ఇంట్లోనో ఉన్న రోగిని తరలించవలసి వస్తే ఆ పని చివరి గంటల్లో పెట్టుకోకూడదు. వాతావరణ శాఖ తీరాన్ని 72 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 48 గంటల ముందు తుపాను అలర్టు, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక ఇస్తుంది. అలర్టు వచ్చిన రోజున మందులు, సామాను చూసుకుని, హెచ్చరిక రాకముందే, వెలుతురు ఉండగానే మనిషిని మార్చాలి. మంచాన ఉన్నవారి పేరు ముందుగానే ఆశా కార్యకర్తకూ గ్రామ సచివాలయానికీ చెప్పి ఉంచితే తరలింపు సమయంలో వాహనం కోసం వెతుక్కునే పని ఉండదు. జిల్లా విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1077ను మంచం పక్క గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టించాలి, ఎందుకంటే ఫోన్‌లో దాచుకున్న నంబరు ఛార్జింగుతో పాటే పోతుంది.

రెండో నిర్ణయం ఇంతకంటే కష్టమైనది. రోగి చివరి దశలో ఉన్నప్పుడు పరిస్థితి మారితే ఆసుపత్రికి తీసుకెళ్లాలా, ఇంట్లోనే నొప్పి లేకుండా చూసుకోవాలా అన్నది రోగికి తెలివి ఉండగానే ఆయననే అడిగి తెలుసుకోవాలి. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండే ఇళ్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. సిగ్నల్ పోయిన రాత్రి వారిని అడిగే వీలుండదు కనుక, ఊళ్లో ఉన్నవారిలో ఎవరి మాట ఆఖరు మాటో ముందే అందరికీ తెలిసి ఉండాలి. వెంటిలేటరు వంటి చికిత్స తనకు వద్దని ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరింపజేస్తే చాలునని చెప్పింది. ఈ కాగితం రాయించే పని మాత్రం సహాయకురాలిది కాదు. అది ఎక్కడుందో తెలుసుకుని ఉంటే చాలు. అలాగే మంచాన ఉన్నవారి చేత ఏ కాగితం మీదా వేలిముద్ర వేయించే చోట ఆమె ఉండకూడదనీ, ఉండమన్నా సాక్షి సంతకం పెట్టకూడదనీ శిక్షణలో తప్పకుండా చెప్పాలి. ఆస్తి తగాదాలో చిక్కుకుంటే ఆమెకు అండగా నిలిచేవారు ఉండరు.

మందుల విషయంలో అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసింది మార్ఫిన్. క్యాన్సరు నొప్పికి వాడే ఈ మాత్ర ఊళ్లోని మందుల షాపులో అడిగితే దొరికేది కాదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దీన్ని నిల్వ ఉంచి రోగులకు ఇచ్చే మార్గం సులువు చేసినా, ఇప్పటికీ చాలా ఊళ్ల నుంచి పట్టణం దాకా వెళ్లి తెచ్చుకోవలసిందే. మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది సుమారు నాలుగు గంటలు. రోజుల తరబడి వాడుతున్నవారికి అది ఒక్కసారిగా ఆగిపోతే నొప్పి తిరగబెట్టడంతో పాటు చెమటలు, వాంతులు, వణుకు కూడా వస్తాయి. అందుకని అక్టోబరు మొదట్లోనే డాక్టరును కలిసి, మామూలుగా ఇచ్చేదానికంటే కొన్ని రోజులకు అదనంగా ఇవ్వగలరేమో ఇంటివారు అడగాలి. మాత్రలను తడి తగలని డబ్బాలో తాళం వేసి ఉంచి, ప్రతి మాత్రనూ గంటతో సహా నోటు పుస్తకంలో రాయాలి. మార్ఫిన్ వాడేవారికి మలబద్ధకం దాదాపుగా తప్పదు కాబట్టి విరేచనం మందును మర్చిపోకూడదు. మోతాదు పెంచడం, తగ్గించడం డాక్టరు చెబితేనే చేయాలి. పిలిచినా తట్టినా లేవనంత మత్తు కనిపిస్తే తరువాతి మాత్ర ఇవ్వకుండా ఫోన్ చేయాలి. మార్ఫిన్ ఇస్తే చావు దగ్గర పడుతుందన్న భయం ఇళ్లలో బలంగా ఉంటుంది. సరైన మోతాదులో ఇచ్చిన మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుందే తప్ప ఆయుష్షును తగ్గించదని డాక్టరు చేతనే ఇంటివారికి చెప్పించాలి, లేకపోతే సహాయకురాలు మాత్ర ఇవ్వబోతుంటే ఎవరో ఒకరు చేయి పట్టుకుని ఆపుతారు.

కరెంటు పోతుందన్న లెక్కతోనే ఇల్లు సిద్ధం చేయాలి. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కాన్సెంట్రేటరు యంత్రం కరెంటు లేకపోతే ఆగిపోతుంది, ఇంటి ఇన్వర్టరు దాన్ని ఎన్ని గంటలు నడుపుతుందో ఎలక్ట్రీషియన్ చేత ముందే చూపించుకోవాలి. సిలిండరు తెచ్చి పెట్టుకుంటే దాన్ని తెరవడం, మూయడం చేతితో చేయించి నేర్పాలి. జనరేటరు ఉంటే బయటే నడపాలి, గదిలోనో మూసిన వరండాలోనో నడిపితే దాని పొగ ప్రాణం తీస్తుంది. ఆక్సిజన్ పెట్టిన మంచానికి కనీసం పది అడుగుల లోపల కొవ్వొత్తి, కిరోసిన్ దీపం, అగరుబత్తి ఏదీ వెలిగించకూడదు. ఈ మాట ఇంకొక కారణంతో కూడా గట్టిగా చెప్పాలి: ప్రాణం పోగానే తల దగ్గర దీపం పెట్టే ఆచారం ఉంది, ఆ దీపం వెలిగే ముందు సిలిండరు మూసి గది బయటికి తీసుకుపోయి ఉండాలి. ఆయాసంతో ఉన్నవారికి ఆక్సిజన్ ఆగిన క్షణంలో తలవైపు ఎత్తు పెంచి, కిటికీ తెరిచి, ముఖం మీదికి తాటాకు విసనకర్రతో మెల్లగా విసురుతూ ఉంటే నిజంగానే ఊరట కలుగుతుంది. ముఖానికి తగిలే గాలి ఆయాసపు భావనను తగ్గిస్తుందని వైద్యులూ చెబుతారు. ప్రతి ఇంట్లో రెండు విసనకర్రలు ఉంచమని చెప్పడం చిన్న సలహా అనిపించవచ్చు గాని, కరెంటు లేని రాత్రి దానికంటే దగ్గరలో దొరికే సాయం ఉండదు.

పడుకుని పడుకుని ఒంటికి పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు కూడా కరెంటుతోనే నడుస్తుంది. అది చదునైపోతే రోగి గట్టి బల్ల మీద పడుకున్నట్టే కనుక, దాని మీద మామూలు పరుపు వేసి, రెండు గంటలకొకసారి తప్పకుండా పక్క మార్చాలి. ఎర్రబడిన చోట రుద్దకూడదు, మధ్యలో రంధ్రం ఉండే రింగు దిండు పెట్టకూడదు. రెండూ పుండును పెంచేవే. పక్క మార్చడం దుప్పటి సాయంతో ఇద్దరు చేయవలసిన పని. శిక్షణలో ఒకరినొకరు పడుకోబెట్టి, గది చీకటి చేసి, టార్చి వెలుతురులో ఈ పని చేయించాలి. వానాకాలంలో బట్టలు ఆరవు కాబట్టి పాత చీరలు, డైపర్లు, రబ్బరు షీట్లు ఎక్కువగా సమకూర్చుకోవాలి. మానని పుండు ఉన్నవారికి ఈగలు వాలకుండా కట్టు ఎప్పుడూ మూసి ఉండాలి, దోమతెర కట్టాలి. పుండులో పురుగులు కనిపిస్తే సొంత వైద్యం చేయకుండా నర్సుకు చెప్పాలి. యూరిన్ బ్యాగు నడుముకంటే కింద వేలాడాలి గాని వరద నీరు చేరిన నేలకు తగలకూడదు.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో డయాలిసిస్ మీద ఉన్నవారు చాలామంది ఉన్నారు. తుపాను హెచ్చరిక వస్తే డయాలిసిస్ కేంద్రానికి ఫోన్ చేసి ఒక రోజు ముందే రమ్మంటారేమో కనుక్కోవాలి. ఒకసారి డయాలిసిస్ తప్పిపోతే నీళ్లు, ఉప్పు మరింత తగ్గించాలి. గాలికి చెట్ల నుంచి పడ్డ కొబ్బరి బోండాలు ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ వస్తాయి, నీరసంగా ఉన్నారని ప్రేమతో తాగిస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ, డయాలిసిస్ తప్పినవారికి అది గుండెను ఆపేంత ప్రమాదం.

ఇక చివరి రోజుల గురించి. ఇవి సహాయకురాలికి ముందే వివరంగా తెలియకపోతే ఆమె భయపడుతుంది, ఆమెను చూసి ఇల్లంతా భయపడుతుంది. తిండి తగ్గిపోతుంది, నిద్ర పెరుగుతుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి, మోకాళ్ల మీద నీలి మచ్చలు కనబడతాయి, ఊపిరి కొంతసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది, గొంతులో గురగుర వినిపిస్తుంది. ఆ గురగుర వినేవారిని బాధించినంతగా రోగిని బాధించదు. పక్కకు తిప్పి పడుకోబెడితే తరచుగా తగ్గుతుంది. తినలేదని చనిపోవడం లేదు, చనిపోయే దశ వచ్చింది కాబట్టి శరీరం తిండి అడగడం లేదు. ఈ మాటను ఇంటివారికి ఓపికగా, పదేపదే చెప్పగలగాలి. మింగే శక్తి పోయినవారి నోట్లో తులసి తీర్థమైనా జమ్‌జమ్ నీళ్లయినా పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఆచారాన్ని కాదనవలసిన అవసరం లేదు, దూదిని ముంచి పెదవులు, నాలుక తడిపితే ఆచారమూ నిలుస్తుంది, మనిషీ ఉక్కిరిబిక్కిరి కాడు. దీన్ని నేర్పడానికి మంచి మార్గం, శిక్షణకు వచ్చినవారిని వెల్లకిలా పడుకోబెట్టి తోటివారి చేత చెంచాతో నీళ్లు తాగించడం. తలవైపు ఎత్తు ఎందుకు పెంచమంటున్నారో, తరువాతి చెంచా ఎందుకు ఆపమంటున్నారో వారి గొంతుకే తెలుస్తుంది.

కింద దించి పడుకోబెట్టే ఆచారం ఉన్న ఇళ్లలో కిందికి నీరు వచ్చి ఉంటే ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోవాలి. అద్దె ఇళ్లలో ప్రాణం పోవడానికి యజమాని ఒప్పుకోడన్న భయంతో చివరి గంటల్లో మనిషిని కదిలించడం ఇప్పటికీ జరుగుతోంది. ఆ మాట కూడా యజమానితో వానల ముందే తేల్చుకోవాలి. కొన ఊపిరిలో ఉన్న మనిషిని వానలో మోసుకుపోవడం కంటే క్రూరమైనది లేదు.

“నాకింక తగ్గదా అమ్మా?” అని అడిగినప్పుడు ఏం చెప్పాలన్నది సహాయకులు అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న. “ఏం కాదు అవ్వా, లేచి తిరుగుతావు” అని చెప్పడం సులువు, కాని ఆ మాటతో అవ్వ నోరు మూతపడుతుంది, చెప్పుకోవలసినవి చెప్పుకోకుండానే మిగిలిపోతాయి. డాక్టరు చెప్పవలసిన జబ్బు సంగతి సహాయకురాలు చెప్పకూడదు, అబద్ధమూ ఆడకూడదు. “ఎందుకడిగావు అవ్వా, ఏమనిపిస్తోంది?” అని చేయి పట్టుకుని అడిగి, వచ్చిన జవాబును పూర్తిగా వినాలి. చాలాసార్లు జవాబు చావు గురించి ఉండదు, చూడాలనుకుంటున్న మనిషి గురించి ఉంటుంది, తీర్చని బాకీ గురించి ఉంటుంది. అది ఇంటివారికి చేర్చడం ఆమె చేయగలిగిన గొప్ప పని. స్పృహ తప్పినట్టున్నవారికి కూడా వినిపిస్తుండవచ్చు, కాబట్టి మంచం పక్కన ఖర్చుల మాటలు, వాటాల మాటలు రానివ్వకూడదు.

ఊపిరి పూర్తిగా ఆగాక తొందరపడవలసింది ఏమీ లేదు. సమయం రాసుకుని, ఇంటివారిని దగ్గరకు రానివ్వాలి. కళ్లు మూసి, దవడకు గుడ్డ కట్టి, తడి తుడిచి శుభ్రం చేయాలి. స్నానం, కట్టుబట్ట ఎవరి చేతుల మీదుగా జరగాలన్నది ఆ ఇంటి మతాచారం చెబుతుంది. ఒంటి మీది బంగారం ఇంటివారి చేతే తీయించాలి. ఫ్రీజర్ బాక్సు కరెంటు లేకపోతే పని చేయదనీ, శ్మశానం దారి మునిగి ఉండవచ్చనీ ముందే అనుకుని ఉంటే దూరాన ఉన్నవారి కోసం ఎంతసేపు ఆగాలన్న వాదన రాదు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. అందుకు చివరిదాకా చూసిన డాక్టరు ఇచ్చే కారణ పత్రం అవసరమవుతుంది గనుక నోటు పుస్తకం, పాత చీటీలు పారేయకూడదు. మిగిలిన మార్ఫిన్ మాత్రలను లెక్కపెట్టి, తెచ్చిన ఆసుపత్రికే తిరిగి ఇవ్వాలి. అల్మరాలో వదిలేయకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు.

సహాయకురాలిని పనిలో పెట్టుకునే ఇంటివారితో, ఏజెన్సీతో ఈ నెలల కోసం ప్రత్యేకంగా మాట్లాడుకోవలసినవి కొన్ని ఉన్నాయి. దారి మూసుకుపోయి బదులు మనిషి రాకపోతే రాత్రీ పగలూ ఆమె ఒక్కతే చేయవలసి వస్తుంది, కాబట్టి ఇంట్లోని ఒకరికి పక్క మార్చడం, నోరు తుడవడం వంటి పనులు ముందే నేర్పి ఆమెకు కొన్ని గంటలైనా నిద్ర దక్కేలా చూడాలి. అదనంగా చేసిన రోజులకు కూలి ఎంతో ముందే చెప్పాలి. ఆమె ఇల్లు కూడా ఆ తీరంలోనే, ఆ వాగు ఒడ్డునే ఉండవచ్చు. తన పిల్లలు ఎక్కడున్నారో తెలియని మనిషి ఇంకొకరి పక్కన నిమ్మళంగా కూర్చోలేదు కనుక, ఆమె ఇంటివారిని కూడా అలర్టు రోజునే సురక్షితమైన చోటికి చేర్చాలి. ఒకరిని సాగనంపిన మర్నాడే ఇంకో ఇంటికి పంపకుండా ఆమెకు కొన్ని రోజులు విడుపు ఇవ్వాలి. దుఃఖం పట్టుకుని వదలకపోతే 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వారితో ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడవచ్చని ఆమెకు చెప్పి, ఆ నంబరును కూడా అదే గోడ మీద రాసి ఉంచాలి.