డిగ్రీ తర్వాత లా: బెంగళూరా, ఢిల్లీయా, ఉస్మానియానా?

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి కాలేజీ చూసుకునేటప్పుడు ర్యాంకుల జాబితాతో మొదలుపెట్టకండి. పట్టా వచ్చాక ఏ కోర్టులో ప్రాక్టీసు పెడతారు, లేదా ఏ ఉద్యోగంలో చేరతారు అన్నది ముందు తేల్చుకోండి. పెద్ద లా స్కూళ్లకు ఉన్న పేరు చాలావరకు ఇంటర్ తర్వాత చదివే ఐదేళ్ల కోర్సు వల్ల వచ్చింది. డిగ్రీ చేసి చేరేవాళ్లకు కూడా ఆ ఫలితాలే వస్తాయనుకుంటే దెబ్బతింటారు.

ఈ తేడా తెలుసుకోవడానికి, విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకుల వ్యవస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు మీరు చూస్తున్న కాలేజీ ఇచ్చిన డేటా తీయండి. అందులో ప్లేస్‌మెంట్ పట్టికలు కోర్సు కాలాన్ని బట్టి విడివిడిగా ఉంటాయి. మీరు చూడాల్సింది యూజీ (అండర్ గ్రాడ్యుయేట్) కింద ఉండే మూడేళ్ల పట్టిక. ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం (అందరి జీతాలు వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంత అన్న మూడూ కలిపి చదవాలి. జీతం అంకె ఉద్యోగం వచ్చినవాళ్లదే. రెండు వందల మందిలో ఇరవై మందికి మంచి జీతాలొచ్చినా ఆ అంకె ఘనంగానే కనిపిస్తుంది.

కార్పొరేట్ సంస్థల వైపు వెళ్లాలంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్ ముందు నిలుస్తుంది. అయితే అక్కడ మూడేళ్ల కోర్సు 2022లోనే మొదలైంది, తొలి బ్యాచ్ బయటికొచ్చింది 2025లో. అక్కడి ప్రవేశ పరీక్ష ఎన్‌ఎల్‌శాట్‌లో సగం మార్కులు రాత సమాధానాలకే కాబట్టి బిట్లు మాత్రమే సాధన చేసినవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. అప్పు చేసి చేరాలంటే, ప్లేస్‌మెంట్ రాకపోయినా వాయిదాలు కట్టగలరా అని ముందే చూసుకోండి. ఉద్యోగం రాక సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా చేరితే మొదట్లో వచ్చేది బస్సు ఛార్జీలకే సరిపోతుంది.

సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టుల్లో వాదించాలన్న పట్టుదల ఉంటే ఢిల్లీ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీకి మించింది లేదని మా అభిప్రాయం. ఫీజు వేలల్లోనే. సెలవుల దాకా ఆగకుండా ఏడాది పొడవునా కోర్టులకు వెళ్లి చూడొచ్చు. ప్రవేశం జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ ద్వారా. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. హాస్టల్ సీటు దొరకడం కష్టం కాబట్టి గది అద్దె కలుపుకుని లెక్క వేయండి.

జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు, లేదా జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగం లక్ష్యమైతే ఉస్మానియా, ఆంధ్ర యూనివర్సిటీలను చిన్నచూపు చూడకండి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. ఆ మూడేళ్లు మీకు కేసులిచ్చేది మీ ఊరి సీనియర్లే. సాక్షిని తెలుగులో క్రాస్ ఎగ్జామిన్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేయడం, పాత దస్తావేజు చదివి హద్దులు పోల్చుకోవడం ఇక్కడి కోర్టులకు వెళితేనే వంటబడతాయి. ఈ యూనివర్సిటీల్లో ప్రవేశానికి రాసే లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు కోత లేదు, కాబట్టి ఒక్కటీ వదలకండి. సగం మార్కులు లా ఆప్టిట్యూడ్‌కే, అంటే న్యాయవిద్యకు తగిన అభిరుచిని పరీక్షించే భాగానికే.

బీటెక్ వాళ్లకు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మేధోసంపత్తి హక్కుల మీద ఎల్‌ఎల్‌బీ ఉంది. పేటెంట్ పని మాత్రమే కావాలంటే మూడేళ్లు పెట్టే ముందు పేటెంట్ ఏజెంట్ (ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు వేసే వ్యక్తి) పరీక్ష రాయండి. దానికి సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ చాలు, లా అక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లినా అర్హత దగ్గర దెబ్బతినేవాళ్లున్నారు. లా చదువును, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం జనరల్‌కు డిగ్రీలో 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లకు అర్హత లేదు. ఇంటర్ పాసై దూరవిద్యలో డిగ్రీ చేస్తే ఇబ్బంది లేదు. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లు, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు కావాలన్న నిబంధన చూసుకుని, సెలవు సంగతి ఆఫీసులో తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.