ఇండెక్స్ ఒక్క కాలమ్‌కా, రెండు మూడింటికి కలిపా? ఎట్లా తేల్చుకోవాలి?

డేటాబేస్ టేబుల్ నెమ్మదించగానే కనబడ్డ ప్రతి కాలమ్‌కూ ఒక ఇండెక్స్ (తొందరగా వెతకడానికి విడిగా పేర్చుకునే జాబితా) తగిలించడం మానేయండి. కొత్త వరుస చేరిన ప్రతిసారీ ఆ ఇండెక్సులన్నిట్లోనూ రాయాల్సిందే. ఉదాహరణకు, మిల్లుకు వడ్లు ఎడతెగకుండా దిగే రోజుల్లో ఆ బరువు తెలిసొస్తుంది.

మిర్యాలగూడ మిల్లులకొచ్చే వడ్ల లెక్కే తీసుకుందాం. కాలమ్స్: మండలం, తేదీ, రైతు నంబరు, బస్తాలు.

ముందు స్లో క్వెరీ లాగ్ (ఆలస్యమైన క్వెరీల చిట్టా) తెరిచి, తరచూ నడిచే ఐదారు క్వెరీల వేర్ (WHERE) షరతులు, అంటే దేంతో వెతుకుతున్నారో, కాగితం మీద రాసుకోండి. రైతు నంబరు ఒక్కదాంతోనే వెతికితే దానికి సింగిల్ ఇండెక్స్ చాలు. మండలం, తేదీ ఎప్పుడూ జంటగా వస్తే కాంపోజిట్, అంటే రెండు మూడు కాలమ్స్‌కు కలిపి ఒకే ఇండెక్స్. రెండు సింగిల్ ఇండెక్సులను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బిట్‌మ్యాప్‌తో (దొరికిన వరుసల గుర్తుల పటంతో) కలుపుకోగలదు, నిజమే. కానీ రెండు వైపులా కుప్పలు తీసి, ఆ తర్వాత ఉమ్మడివి ఏరాలి.

అందరూ తప్పేది కాలమ్స్ వరుస దగ్గర. సమానం గుర్తుతో వెతికేది ముందు, 'ఇంత నుంచి ఇంత దాకా' అనేది చివర. దామరచర్ల మండలం, నవంబర్ 1 నుంచి 30 దాకా కావాలనుకోండి. ఇండెక్స్ (మండలం, తేదీ) అయితే నేరుగా దామరచర్లకు పోయి, 1 నుంచి 30 చదివి ఆగిపోతుంది. (తేదీ, మండలం) అయితే ఆ నెలలో అన్ని మండలాల ఎంట్రీలూ తిరగేసి, దామరచర్ల కానివి పారేస్తుంది. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌ (EXPLAIN)లో మాత్రం రెండిటికీ 'ఇండెక్స్ స్కాన్' అనే కనబడొచ్చు. దాన్ని చూసి మురిసిపోవద్దు. దానికి అనలైజ్ (ANALYZE), బఫర్స్ (BUFFERS) అనే ఆప్షన్లు కలిపి నడిపి ఎన్ని పేజీలు చదివిందో చూడండి.

రకరకాల విలువలు ఎక్కువున్న కాలమ్ ముందుండాలని కొందరు బల్లగుద్ది చెప్తారు. రెండు షరతులూ సమానం గుర్తువే అయితే ఆ వరుసతో పెద్ద తేడా రాదు. మిగతా క్వెరీలు ఏ కాలమ్‌తో మొదలవుతాయో అదే ముందుండాలి. ఎందుకంటే తేదీ ఒక్కదాంతో వెతికితే (మండలం, తేదీ) దాదాపు అక్కరకు రాదు. పోస్ట్‌గ్రెస్ 18లో స్కిప్ స్కాన్ (మొదటి కాలమ్ షరతు లేకున్నా దాని ఒక్కో విలువకూ దూకుతూ వెతకడం) వచ్చింది కదా అనొచ్చు. మొదటి కాలమ్‌లో వేర్వేరు విలువలు కొద్దిగా ఉంటేనే దానితో లాభం. (మండలం, తేదీ) ఉన్నాక మండలానికి విడిగా ఇంకో ఇండెక్స్ దండగ.

ఒక ఇండెక్స్‌లో పోస్ట్‌గ్రెస్ 32 కాలమ్స్ దాకా ఒప్పుకుంటుంది, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ 16. మీరు మూడు దాటొద్దు.

నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ టేబుల్ మీద కంకరెంట్లీ (CONCURRENTLY, రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టే మాట) పెట్టే కట్టండి. మధ్యలో ఆగితే చెల్లని ఇండెక్స్ మిగులుతుంది. డ్రాప్ చేసి మళ్లీ కట్టాలి.

పాత ఇండెక్సుల స్కాన్ లెక్క (ఎన్నిసార్లు వాడిందో) సున్నా ఉన్నా తొందరపడొద్దు. వానాకాలం, యాసంగి కొనుగోళ్లు రెండూ ముగిశాక కూడా సున్నాయే ఉంటే తీసేయండి, యూనిక్ ఇండెక్సులు (ఒకే విలువ రెండోసారి రాకుండా ఆపేవి) తప్ప.