పేస్ట్ మార్చాక వేడి పెరిగిందా? ముందు ప్యాడ్ల మందం కొలవండి

గ్రాఫిక్స్ కార్డుకో, గేమింగ్ ల్యాప్‌టాప్‌కో కొత్త థర్మల్ పేస్ట్ (చిప్పు వేడిని పైనున్న లోహానికి చేర్చే ముద్ద) పూసి, పాత థర్మల్ ప్యాడ్లు (అదే పని చేసే మెత్తని పట్టీలు) తీసేసి కొత్తవి వేసిన తర్వాత వేడి తగ్గకపోగా ఇంకాస్త పెరిగిందంటూ మరమ్మతు బల్ల దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చేతిలో మొదటిదానికన్నా ఖరీదైన ఇంకో పేస్ట్ ట్యూబు ఉంటుంది. మొదటి పేస్ట్ నాసిరకం కావడం వల్లే ఇలా జరిగిందని వారి నమ్మకం. నిజానికి పేరున్న పేస్టులలో ఒకదానికీ మరొకదానికీ మధ్య తేడా మామూలుగా కొద్ది డిగ్రీలే ఉంటుంది. ఒక్కసారిగా 15, 20 డిగ్రీలు పెరిగిందంటే లోపం ట్యూబులో లేదు, బిగింపులో ఉంది. హీట్‌సింక్ (చిప్పు వేడిని గాలిలోకి వదిలే లోహపు రేకుల దిమ్మ) విప్పడం, స్క్రూలు కలిసిపోకుండా విడివిడిగా పెట్టుకోవడం, ఫ్యాను వైరు తెగకుండా ఊడదీయడం మీకు తెలుసనే అనుకుని ఇది రాస్తున్నాను.

విప్పే ముందు చూడవలసినవి

మొట్టమొదట గది ఉష్ణోగ్రత ఎంత ఉందో రాసి పెట్టుకోండి. చిప్పు చూపించే అంకెలో గది వేడి కూడా కలిసి ఉంటుందన్న సంగతి చాలామంది మరచిపోతారు. జనవరిలో 26 డిగ్రీల గదిలో 72 చూపించిన కార్డు, రోహిణి కార్తెలో ఒంగోలులోనో నెల్లూరులోనో ఏసీ లేని మేడమీది గదిలో 40 డిగ్రీల దగ్గర 86 చూపించిందంటే దానికి ఏ జబ్బూ లేదు, రెండుసార్లూ గది కంటే 46 డిగ్రీలే ఎక్కువ ఉంది. అటువంటి కార్డును విప్పి బాగుచేయబోతే లేని సమస్యను తెచ్చిపెట్టుకున్నవారవుతారు.

తర్వాత దుమ్ము. చీమకుర్తి క్వారీల ఆఫీసులలో వాడే యంత్రాలలో గ్రానైట్ పొడి, ఫ్యానుకూ హీట్‌సింక్ రేకులకూ మధ్య బయటినుంచి కనబడని చోట, దట్టంగా పేరుకుంటుంది. సముద్రం ఒడ్డున రొయ్యల హేచరీల దగ్గర వాడే ల్యాప్‌టాప్‌లలో ఆ దుమ్మే ఉప్పుగాలి తేమకు ముద్దకట్టి గట్టిపడుతుంది. బయటినుంచి బ్లోయర్ కొడితే ఇది కదలదు, సరికదా కొన్నిసార్లు ఇంకా లోపలికి పోయి ఇరుక్కుంటుంది. ఫ్యానును పూర్తిగా విప్పి, రేకుల వైపు ముఖాన్ని మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, దీపం వెలుతురు రేకుల అవతలికి కనబడుతోందో లేదో చూడాలి. పేస్ట్ మార్చినవారిలో సగంమంది ఈ పని చేయకుండానే మూత బిగించేస్తారు.

మూడవది చెప్పడానికే విసుగు పుట్టించే సంగతి. థర్మల్ ప్యాడ్‌కు రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఒక వైపుది రంగులో ఉండి కంటికి ఆనుతుంది, రెండవది చాలా రకాలలో తెల్లగా, పారదర్శకంగా ఉండి ప్యాడ్‌తో కలిసిపోయినట్టు కనబడుతుంది. రంగు పొర ఒలిచి, రెండవదాన్ని అలాగే ఉంచేసి బిగించినవారు లెక్కలేనంతమంది. ప్యాడ్ మూలను పట్టకారు కొసతో మెల్లగా గీకితే పొర ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. పొర తీసిన ప్యాడ్ వేలికి కొద్దిగా అంటుకుంటుంది, తీయనిది జారుతుంది. కొత్త కూలర్ అడుగున అంటించి వచ్చే పొర విషయమూ ఇంతే.

వేడి ఎంత వేగంగా ఎక్కుతోంది?

ఇవన్నీ సరిగా ఉన్నాయనుకుంటే, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి, చిప్పుల వేడిని చూపించే ప్రోగ్రాము తెరిచి ఉంచి, ఫర్‌మార్క్ వంటి భారమైన పరీక్ష నడుపుతూ అంకెను కాక, అంకె కదిలే తీరును గమనించండి. పరీక్ష మొదలుపెట్టిన తర్వాత నిమిషం నిమిషానికీ మెల్లగా ఎక్కుతూ, ఆపిన తర్వాత కూడా అంతే మెల్లగా దిగుతుంటే వేడి హీట్‌సింక్ దాకా చేరుతోందనీ, అక్కడినుంచి గాలిలోకి పోవడం లేదనీ అర్థం. అది దుమ్ము, ఫ్యాను, గాలి వచ్చిపోయే దారుల వ్యవహారం. అలాకాక, పరీక్ష మొదలైన రెండు మూడు సెకన్లలోనే 50 నుంచి 90కి ఎగబాకి, ఆపగానే అంతే వేగంగా కిందికి పడిపోతుంటే, వేడి హీట్‌సింక్‌కు చేరడమే లేదు. ఆ సమయంలో హీట్‌సింక్ రేకుల దగ్గర చేయి పెడితే వచ్చే గాలి అంత వేడిగా ఉండకపోవడం ఇంకో గుర్తు. చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య హత్తుకోవలసిన చోట హత్తుకోలేదన్నమాట.

గ్రాఫిక్స్ కార్డయితే ఇంకో అంకె కూడా చూడండి. జీపీయూ (కార్డులోని ప్రధాన చిప్పు) సగటు వేడికీ, హాట్‌స్పాట్ (ఆ చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) వేడికీ మధ్య 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలు. 30 దాటితే హీట్‌సింక్ చిప్పు మీద వాలుగా కూర్చుందని అనుమానించాలి.

అసలు దొంగ: ప్యాడ్ మందం

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించిన కారణం ఇది. పేస్ట్ కొత్తది, ప్యాడ్లు కొత్తవి, దుమ్ము లేదు, స్క్రూలన్నీ బిగుతుగానే ఉన్నాయి, అయినా కార్డు కాలిపోతుంటుంది. పైగా మెమరీ చిప్పుల వేడి చూస్తే చాలా తక్కువగా ఉంటుంది, కాబట్టి ప్యాడ్ల మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ అంకె తక్కువగా ఉండటమే ఇక్కడ గుర్తు.

జరిగేది ఇది. హీట్‌సింక్ ప్రధాన చిప్పు మీద నేరుగా కూర్చోవాలి, మధ్యలో కాగితమంత కూడా మందం లేని పేస్ట్ పొర మాత్రమే ఉండాలి. చుట్టూ ఉన్న మెమరీ చిప్పులు ప్రధాన చిప్పు కన్నా తక్కువ ఎత్తులో ఉంటాయి కాబట్టి, వాటికీ హీట్‌సింక్‌కూ మధ్య మిగిలే ఖాళీని నింపడానికే ప్యాడ్లు. తయారీదారు 1 మి.మీ. ప్యాడ్ వేసిన చోట మీరు 1.5 మి.మీ. ప్యాడ్ వేస్తే, మంచం కోడు కింద ఇటుక పెట్టినట్టు హీట్‌సింక్ ప్యాడ్ల మీద లేచి నిలబడుతుంది. స్క్రూలు బిగుతుగానే తగులుతాయి, కాని ఆ ఒత్తిడి అంతా ప్యాడ్లే భరిస్తాయి. జీడీడీఆర్6 రకం మెమరీ చిప్పు ఒక్కొక్కటి 12 మి.మీ. వెడల్పు, 14 మి.మీ. పొడవు ఉంటుంది. అటువంటివి 8 ఉంటే వాటి వైశాల్యం మొత్తం 1,344 చదరపు మి.మీ. 400 చదరపు మి.మీ. ఉన్న ప్రధాన చిప్పుకు ఇది మూడింతలకు పైనే, కనుక గట్టి ప్యాడ్ ఒకసారి అడ్డుపడితే స్క్రూల బలం చిప్పు దాకా రాదు.

అర మిల్లీమీటరే కదా అనుకునేవారి కోసం లెక్క చూపిస్తాను. 400 చదరపు మి.మీ. చిప్పు 200 వాట్ల వేడిని బయటికి పంపుతోందనీ, పేస్ట్ ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి 8 వాట్లనీ అనుకుందాం. పేస్ట్ పొర 0.05 మి.మీ. ఉంటే ఆ పొర వల్ల చిప్పు వేడి పెరిగేది 3 డిగ్రీలు. అదే పొర 0.5 మి.మీ. అయితే పెరిగేది 31 డిగ్రీలు. ఇది ఖాళీ అంతటా పేస్ట్ నిండి ఉన్నప్పటి మాట. ఎక్కడైనా గాలి చేరితే ఇంకా ఘోరం, ఎందుకంటే గాలి ఉష్ణవాహకత 0.026 మాత్రమే. పేస్ట్ అనేది సందు పూడ్చడానికి కాదు, లోహం మీది కంటికి కనబడని గుంటలు నింపడానికి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పెట్టె మీద ఉష్ణవాహకత 12 అనో 15 అనో పెద్ద అంకె ఉన్న ఖరీదైన ప్యాడ్లు చాలావరకు గట్టిగా ఉంటాయి. తయారీదారు వేసినవి మాత్రం చిన్న అంకె ఉన్నా మెత్తగా ఉండి, నొక్కితే 1 మి.మీ. నుంచి 0.7 దాకా సులువుగా దిగిపోతాయి. అందువల్ల మందం సరిగ్గా అంతే చూసుకుని ఖరీదైనది వేసినవారికి కూడా ఈ సమస్య వస్తుంది. మెమరీకి మేలు చేయబోయి ప్రధాన చిప్పుకు కీడు చేస్తున్నారు.

నిర్ధారణకు హీట్‌సింక్ విప్పి పేస్ట్ అచ్చు చూడటం కన్నా నమ్మకమైనది లేదు. ప్రధాన చిప్పు మీదా, దాన్ని తాకే రాగి పలక మీదా పేస్ట్ అంతటా సమానంగా పలచబడి, పలక వైపు రాగి రంగు దానిలోంచి లీలగా కనబడుతూ, అదనపు పేస్ట్ అంచుల వెంట సన్నని గట్టుగా నెట్టుకుపోయి ఉంటే హత్తుకున్నట్టు. మధ్యలో మీరు పెట్టినంత మందంగానే నిలిచి, విప్పేటప్పుడు పైకి లాగిన గుర్తులు ముళ్లుముళ్లుగా ఉంటే హత్తుకోనట్టు. ఒక అంచున పలచగా, ఎదుటి అంచున మందంగా ఉంటే ఒక వైపు ప్యాడ్ మందమైంది. హాట్‌స్పాట్ మాత్రమే ఎగిరే కార్డులలో ఎక్కువగా కనబడేది ఈ మూడవ రకమే. విప్పకుండానే ఒక అంచనాకు రావాలంటే, బిగించిన కార్డును పక్కనుంచి కంటికి ఆనించి, అవతలి వైపు టార్చి వెలిగించండి. చిప్పుకూ రాగి పలకకూ మధ్య వెలుగు గీత కనబడితే ఇక వెతకనక్కరలేదు. పక్కలు మూసి ఉన్న కార్డులలో ఇది కుదరదు.

అచ్చు చెడుగా వస్తే ప్యాడ్లన్నీ తీసివేసి, చిప్పు మీద కొద్దిగా పేస్ట్ పెట్టి, ఉత్తి హీట్‌సింక్‌ను బిగించి, మళ్లీ విప్పి చూడండి. ఇలా ఉన్నప్పుడు కార్డుకు కరెంటు ఇవ్వకూడదు, ఇది అచ్చు చూడటానికి మాత్రమే. ప్యాడ్లు లేనప్పుడు అచ్చు చక్కగా వచ్చి, ఉన్నప్పుడు రాకపోతే దొంగ దొరికినట్టే.

సరిచేసే పద్ధతి

పాత ప్యాడ్లు పారేయకండి, కొలవడానికి అవే ఆధారం. అయితే చిప్పు నొక్కిన మధ్య భాగాన్ని కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. అక్కడ 0.7 ఉన్న ప్యాడ్ వేసినప్పుడు 1 మి.మీ.ది అయి ఉంటుంది. చిప్పు అంచు దాటి బయటికి మిగిలి, నొక్కుడు పడని చోట డిజిటల్ కాలిపర్ పెట్టి, దవడలు ప్యాడ్‌ను నొక్కకుండా తాకించి కొలవాలి. ఒకే కార్డులో మెమరీ మీద ఒక మందం, కరెంటు సరఫరా చేసే భాగాల మీద ఇంకో మందం, వెనుక పలక దగ్గర మరో మందం ఉండటం మామూలు కనుక, విప్పేటప్పుడే ఫోనుతో ఫొటో తీసి ఏది ఎక్కడిదో రాసుకోండి. అదే పేరుతో వచ్చిన కార్డు వేరే విడతలో వేరే మందాలతో రావచ్చు, కాబట్టి ఇంకొకరి కొలతను మీ కార్డుకు వాడకండి. విడిగా కోసి ఇచ్చిన షీట్లను కొన్న తర్వాత కూడా ఒకసారి కొలుచుకోవాలి.

కావలసిన మందం ఊళ్లో దొరకకపోతే ఆన్‌లైన్‌లోనో, నెల్లూరు నుంచి పొద్దున్నే రైలెక్కి ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే చెన్నై రిచీ స్ట్రీటుకు వెళ్లో తెచ్చుకోండి. దొరికినది వేసి, స్క్రూలు గట్టిగా తిప్పితే సరిపోతుందనుకోవద్దు. ల్యాప్‌టాప్‌లలోనూ గ్రాఫిక్స్ కార్డులలోనూ చిప్పు మీద లోహపు మూత ఉండదు, ఆ బలానికి చిప్పు మూల విరిగిందంటే ఆ బోర్డు ఇక పనికిరాదు. స్క్రూలను ఎదురెదురు మూలల క్రమంలో, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాలి. ల్యాప్‌టాప్ హీట్‌సింక్ మీద 1, 2, 3, 4 అని అచ్చేసి ఉంటే ఆ వరుసనే పాటించండి.

కొలత రెండు మందాల మధ్య పడితే మెత్తని ప్యాడ్ ఎంచుకోండి, లేదా థర్మల్ పుట్టీ వాడండి. పుట్టీ ముద్దగా ఉండి, ఎంత సందు ఉంటే అంతకే అణిగిపోతుంది గనుక హీట్‌సింక్‌ను పైకి లేపదు. పాత కొలతలు దొరకని సెకండ్‌హ్యాండ్ కార్డులకు నేను వేసేది ఇదే. తర్వాత శుభ్రం చేయడం చిరాకు, అంతే.

తలకిందుల సమస్య

ప్రధాన చిప్పు 70లో చల్లగా ఉన్నా ఫ్యానులు గోలపెడుతూ, ఆట మధ్యలో తడబడుతుంటే మెమరీ మీద పలచని ప్యాడ్ పడిందో, ఒకటి వేయడం మరచిపోయారో అనుకోవాలి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న 3080, 3090 వంటి కార్డులు మెమరీ వేడిని విడిగా చూపిస్తాయి. అది 110 దగ్గర నిలిచిపోయి ఉంటే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది. ప్యాడ్ మీద చిప్పు అచ్చు పడిందో లేదో చూస్తే చాలు.

పేస్ట్ వేసినప్పుడు బాగా ఉండి కొన్ని నెలలకే మళ్లీ వేడెక్కితే, చిప్పు వేడెక్కి చల్లారే ప్రతిసారీ పలచని పేస్ట్ కొద్దికొద్దిగా బయటికి నెట్టుకుపోతోందని అర్థం. చిక్కటి పేస్ట్‌కో, పీటీఎం7950 వంటి, సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడే షీటుకో మారండి. పేస్ట్‌కు బదులు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవరూపంలోని లోహం) జోలికి పోవద్దు. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒక్క చుక్క జారితే బోర్డు షార్ట్ అవుతుంది.

హీట్‌పైపు చెడిపోవడం, రాగి పలక వంకరపోవడం, సెన్సారు తప్పు చూపడం కూడా ఉంటాయి, కాని అరుదు. అచ్చు చక్కగా వచ్చి, దుమ్ము లేక, ఫ్యాను తిరుగుతున్నా వేడి తగ్గకపోతేనే అటు వెళ్లండి.

అంతా బిగించాక పరీక్షను 20 నిమిషాలు నడిపి, గది వేడితో పాటు చిప్పు, హాట్‌స్పాట్, మెమరీ అంకెలను ఒక కాగితం మీద రాసి పెట్టెలో అంటించండి. వచ్చే వేసవిలో ఎవరైనా ఆ యంత్రాన్ని విప్పబోతే ముందుగా చూడవలసింది ఆ కాగితాన్నే.