టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, వాడేవాళ్లకి మాత్రం పాత బగ్గే: గిట్‌హబ్ యాక్షన్ సమస్య - పరిష్కారం

గిట్‌హబ్ యాక్షన్ అంటే ఇతరులు తమ వర్క్‌ఫ్లోలో (గిట్‌హబ్ తనంతట తాను నడిపే పనుల వరుసలో) పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాం. దాని వివరాలుండే యాక్షన్ డాట్ వైఎంఎల్ ఎలా రాయాలో, జావాస్క్రిప్ట్ యాక్షన్‌కీ కాంపోజిట్ యాక్షన్‌కీ తేడా ఏమిటో మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఇది ఆ తర్వాతి సంగతి. యాక్షన్ పబ్లిష్ చేశారు, మీ దగ్గర బాగానే నడుస్తోంది, వాడేవాళ్ల దగ్గర నడవట్లేదు.

సోర్స్ కోడ్ తెరవకముందే ఒక పని చేయండి. ఫిర్యాదు చేసిన మనిషి తన వర్క్‌ఫ్లోలో మీ యాక్షన్ పేరు పక్కన @ తర్వాత ఏం రాశాడో అడగండి. వి1 అన్నాడనుకోండి, బ్రౌజర్లో మీ రిపో తెరిచి, బ్రాంచి పేరున్న చోట వి1 ట్యాగ్ (ఒక కమిట్‌కి పెట్టిన పేరు) ఎంచుకుని, బిల్డ్ చేశాక వచ్చే ఫైళ్లుండే డిస్ట్ ఫోల్డర్‌లోని ఇండెక్స్ ఫైల్లో మీరు కొత్తగా పెట్టిన ఎర్రర్ మెసేజో, లాగ్ లైనో వెతకండి. అర నిమిషం పని. ఎంతమందికి చెప్పినా ఇది వదిలేసి, ‘రన్నర్లో ఏదో క్యాష్ అయ్యుంటుంది’ అంటూ మొదలుపెడతారు. రన్నర్ అంటే వర్క్‌ఫ్లో నడిచే మెషిన్. గిట్‌హబ్ ఇచ్చే రన్నర్ ప్రతి జాబ్‌కీ కొత్త మెషిన్. పాతది దాచిపెట్టుకోవడానికి అక్కడ చోటే లేదు.

లక్షణం: మాడ్యూల్ దొరకలేదనో, డిస్ట్‌లో ఇండెక్స్ ఫైల్ దొరకలేదనో ఎర్రర్

రన్నర్ మీ రిపోని ఆ ట్యాగ్ దగ్గర ఎలా ఉందో అలాగే దించుకుని, మెయిన్ అని మీరు చూపించిన ఫైల్‌ని నోడ్‌కి ఇస్తుంది. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ చేయదు, బిల్డ్ చేయదు. కాబట్టి డిపెండెన్సీలన్నీ (మీ కోడ్ వాడుకునే లైబ్రరీలు) కలిపి కట్టిన ఫైల్ రిపోలోనే ఉండాలి. రోలప్ వాడండి, ఎన్‌సీసీ వాడండి (కాలేజీలో కవాతు చేయించేది కాదు, బండ్లర్), మీ ఇష్టం. ‘కమిట్ చేశానే!’ అంటారా, గిట్‌ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) చూడండి. గిట్‌హబ్ ఇచ్చే నోడ్ టెంప్లేట్‌లో డిస్ట్ అనే లైను ముందే ఉంటుంది. అది తీసేయండి.

లక్షణం: వి1 అనే వెర్షన్ దొరకలేదు, లేదా రిలీజ్ చేసినా పాతదే నడుస్తోంది

మామూలు గిట్ పుష్‌తో ట్యాగులు వెళ్లవు, విడిగా పంపాలి. అలాగే వి1.4.2 రిలీజ్ చేసినంత మాత్రాన వి1 తనంతట తాను జరగదు. దాన్ని కొత్త కమిట్ మీదికి మార్చి, ఫోర్స్‌తో పుష్ చేయాల్సింది మీరే.

కొందరు ట్యాగ్ బదులు నలభై అక్షరాల కమిట్ హాష్ రాస్తారు. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ల చేంజ్డ్-ఫైల్స్ యాక్షన్‌ ట్యాగులను ఎవరో హానికరమైన కమిట్‌కి తిప్పేశారు, వాడుతున్నవాళ్ల సీక్రెట్లు లాగుల్లో పడ్డాయి. అప్పట్నుంచి హాష్ రాసేవాళ్లు పెరిగారు, అది న్యాయమే. వాళ్లకి మీరు వి1 ఎన్నిసార్లు జరిపినా ఏమీ మారదు. @ తర్వాత ఏముందో ముందు అడగమన్నది అందుకే.

లక్షణం: బగ్ సరిచేశాను, టెస్టులు పాసయ్యాయి, ట్యాగ్ కూడా జరిపాను, అయినా అదే బగ్

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. నా సొంత యాక్షన్‌లో, ఫైల్ పాత్‌లో స్పేస్ ఉంటే పడిపోయే బగ్ ఒకటి ఉండేది. రెండు లైన్ల మార్పు. సాయంత్రం ఒక ప్యాచ్ రిలీజ్ చేశాను. ‘ఇంకా అలాగే ఉంది’ అన్నారు. కోట్‌లు సరిగా పడలేదేమో అనుకుని ఇంకో ప్యాచ్, భోజనం అయ్యాక మూడోది. ప్రతిసారీ టెస్ట్ వర్క్‌ఫ్లో పచ్చగా వచ్చింది. అందులో నా యాక్షన్‌ని ./ అని (అంటే ఈ రిపోలోనే ఉన్నదాన్ని) పిలిచి, స్పేస్ ఉన్న పాత్‌తోనే నడిపిస్తున్నాను కూడా. మొదటి ప్యాచ్‌లోనే కోడ్ సరిగ్గా ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

తప్పు ఆ టెస్ట్ వర్క్‌ఫ్లోలో ఉంది. దాని వరుస ఇలా ఉండేది: చెకౌట్ (రిపోని రన్నర్ మీదికి దించడం), ఎన్‌పీఎం సీఐ (డిపెండెన్సీలు ఇన్‌స్టాల్ చేయడం), బిల్డ్, ఆ తర్వాత ./ తో యాక్షన్. అంటే టెస్ట్ నడిచిన ప్రతిసారీ డిస్ట్ అక్కడికక్కడే తాజాగా తయారైంది, ఆ తాజాదే పరీక్షకి కూర్చుంది. రిపోలో కమిట్ అయి ఉన్నది మాత్రం మూడు వారాల నాటి డిస్ట్. మనం వేడివేడిగా తిని, చుట్టాలకి చద్దన్నం పెట్టినట్టు. బిల్డ్ స్టెప్ అక్కడ ఉండటం చూడ్డానికి మహా బుద్ధిగా ఉంటుంది, అందుకే ఎవరూ అనుమానించరు.

పరిష్కారం రెండు జాబులు. టెస్ట్ జాబ్‌లో బిల్డ్ ఉండకూడదు. చెకౌట్, వెంటనే ./ అంతే. కమిట్ అయిన డిస్ట్ పాతదైతే టెస్ట్ అక్కడే ఎర్రబడాలి. రెండో జాబ్‌లో ఎన్‌పీఎం సీఐ, బిల్డ్ చేసి, రిపోలో ఏమైనా తేడా వచ్చిందా అని చూడాలి, వస్తే ఫెయిల్ చేయాలి. ఆ చూడటానికి గిట్ డిఫ్ ఒక్కటే నమ్ముకోకండి. కొత్తగా పుట్టిన, ఇంకా గిట్‌లోకి చేరని ఫైళ్లు దానికి కనబడవు. కోడ్‌లో డైనమిక్ ఇంపోర్ట్ (నడిచేటప్పుడు మాడ్యూల్ లోడ్ చేయడం) ఉంటే ఎన్‌సీసీ ఇండెక్స్‌తో పాటు నంబర్లతో మొదలయ్యే చిన్న ఫైళ్లు కూడా వదులుతుంది. వాటిని కమిట్ చేయడం మర్చిపోతే డిఫ్ ఖాళీగా ఉంటుంది, యాక్షన్ మాత్రం వాడేవాళ్ల దగ్గర కూలుతుంది. గిట్ స్టేటస్‌ని పోర్సిలిన్ ఆప్షన్‌తో నడిపి, ఒక్క లైను వచ్చినా ఫెయిల్ చేయండి.

ఈ కాపలా పెట్టిన మర్నాడే విండోస్ వాడే కొలీగ్ ఒకరు ‘ఏమీ మార్చకపోయినా తేడా అంటోంది’ అని వస్తారు. అది లైన్ ఎండింగుల గొడవ, అంటే విండోస్‌లో లైను చివర పడే గుర్తు వేరు. గిట్ఆట్రిబ్యూట్స్‌లో డిస్ట్ ఫైళ్లకి ఎల్ఎఫ్ (లినక్స్ వాడే లైన్ ఎండింగ్) అని ఖాయం చేస్తే తీరిపోతుంది. మెర్జ్ చేసేటప్పుడు డిస్ట్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే వేల లైన్ల ముందు కూర్చుని చేత్తో సరిచేయకండి. సోర్స్ కాన్‌ఫ్లిక్ట్ తేల్చి, మళ్లీ బిల్డ్ చేసి, వచ్చింది కమిట్ చేయండి.

డిపెండెన్సీల కొత్త వెర్షన్లకి పుల్ రిక్వెస్టులు పెట్టే గిట్‌హబ్ బాట్, డిపెండాబాట్ విషయం ఇంకా చిత్రం. అది ప్యాకేజీ ఫైలూ లాక్ ఫైలూ మారుస్తుంది, డిస్ట్ జోలికి పోదు. సెక్యూరిటీ ఫిక్స్ మెర్జ్ చేశామని మీరు నిశ్చింతగా ఉంటారు, వాడేవాళ్ల మెషిన్లలో మాత్రం డిస్ట్‌లో కూర్చున్న పాత లైబ్రరీయే నడుస్తుంటుంది. రెండో జాబ్ ఉంటే ఆ పుల్ రిక్వెస్ట్ ఎర్రగా వస్తుంది. విసుగ్గానే ఉంటుంది. ఆ బ్రాంచి దించుకుని, బిల్డ్ చేసి, పుష్ చేయండి.

లక్షణం: ఫాల్స్ అని ఇచ్చినా ట్రూ లాగే ప్రవర్తిస్తోంది

ఇన్‌పుట్లన్నీ స్ట్రింగులే. ఫాల్స్ అనే అయిదక్షరాల స్ట్రింగ్ జావాస్క్రిప్ట్‌కి నిజమే. యాక్షన్లు రాయడానికి గిట్‌హబ్ ఇచ్చే కోర్ లైబ్రరీలో బూలియన్ (ట్రూ లేదా ఫాల్స్) ఇన్‌పుట్ చదవడానికి వేరే ఫంక్షన్ ఉంది, అది వాడండి. ‘ఎస్’, ‘నో’ అని ఇస్తే అది ఎర్రర్ వేస్తుంది, వేయనివ్వండి. ఇంకోటి: యాక్షన్ డాట్ వైఎంఎల్‌లో రిక్వైర్డ్ ట్రూ అని రాసినంత మాత్రాన, ఇన్‌పుట్ ఇవ్వనివాళ్లని గిట్‌హబ్ ఆపదు. కోడ్‌లో మీరే ఆపాలి.

కాంపోజిట్ యాక్షన్ల సంగతి

స్క్రిప్ట్ దొరకలేదంటే, మీరు రాసిన పాత్ వాడేవాళ్ల రిపోలో వెతుకుతోందన్నమాట. దాని ముందు యాక్షన్ పాత్ వేరియబుల్ పెట్టండి. పర్మిషన్ డినైడ్ అంటే, ఎగ్జిక్యూట్ బిట్ (ఫైల్‌ని నడపడానికి అనుమతి) లేకుండా కమిట్ చేశారు. విండోస్‌లో సీహెచ్‌మాడ్ (ఆ అనుమతి ఇచ్చే కమాండ్) చేసినా గిట్‌కి తెలియదు, గిట్ అప్‌డేట్-ఇండెక్స్‌తో ఇవ్వాలి. రన్ ఉన్న ప్రతి స్టెప్‌కీ షెల్ రాయాలి. ఇన్‌పుట్లు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా వాటంతటవే రావు, ఎన్వ్‌లో మీరే అందించాలి.

గిట్‌హబ్ మార్కెట్‌ప్లేస్ (యాక్షన్లు అందరికీ దొరికే చోటు) ఒప్పుకోవట్లేదు

రిపో పబ్లిక్‌గా ఉందా, యాక్షన్ డాట్ వైఎంఎల్ రూట్‌లోనే ఉందా, పేరు ఇంకెవరూ పెట్టుకోనిదేనా, మీ అకౌంట్‌కి టూ-ఫ్యాక్టర్ ఉందా చూడండి. పేరు దగ్గరే ఎక్కువమంది ఆగుతారు. ఇంకో యాక్షన్ పేరే కాదు, ఎవరో యూజర్ పేరుతో కలిసినా ఒప్పుకోదు.

డాకర్ యాక్షన్ విండోస్, మ్యాక్ రన్నర్ల మీద నడవదు, అది బగ్ కాదు. సెట్-అవుట్‌పుట్ (యాక్షన్ ఫలితాన్ని బయటికిచ్చే పాత పద్ధతి) హెచ్చరిక వస్తుంటే, ఆ పద్ధతి 2022 అక్టోబర్‌లోనే వద్దన్నారు, కోర్ లైబ్రరీ వెర్షన్ పెంచండి. పెంచాక డిస్ట్ మళ్లీ బిల్డ్ చేశారా?