సీజన్‌లో చదువు – 4వ పాఠం: 'స్కోరు మాత్రం చూస్తా' అనే ఉచ్చు

ఐపీఎల్ చూస్తూనే చదువుకోవాలనుకునే కాలేజీ విద్యార్థులకు మూడో పాఠంలో ఒకే ఒక్క పని చెప్పాను. వారం మొదట్లో ఒక కాగితం మీద ముందు మ్యాచ్‌లు రాసుకోండి, చదువు, స్నేహితులు, హాబీ ఎక్కడ పడతాయో ఆ తర్వాత చూడండి అన్నాను. అది చేసి మీరు పంపిన పట్టికలు చూశాక, ఈసారి చెప్పాలనుకున్న మిడ్ పరీక్షల వారం పాఠాన్ని వెనక్కి జరిపాను. ఈ పట్టికలు సరికాకుండా అది చెప్పినా ఉపయోగం లేదు.

చాలామంది పట్టికల్లో ప్రతి సాయంత్రం ఏడున్నర నుంచి పదకొండు దాకా 'మ్యాచ్' అనే ఉంది. శని, ఆదివారాలైతే మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ కూడా. అంటే ఐపీఎల్ మొత్తం ఎక్కించేశారు. నేను రాసుకోమన్నది మీ జట్టు మ్యాచ్‌లు. తేడా ఎంతో లెక్క వేసి చూడండి. 2025 సీజన్ లీగ్ దశలో 70 మ్యాచ్‌లు పెట్టారు, అందులో ఒక్కో జట్టు ఆడాల్సినవి 14. టాస్ దగ్గర్నుంచి చివరి బంతి దాకా మ్యాచ్‌కు నాలుగు గంటలు అనుకుంటే, మీ జట్టుకు 56 గంటలు. అన్నీ చూస్తే 280 గంటలు. 56 గంటలు రెండు నెలల్లో హాయిగా సర్దుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. 280 గంటలంటే ఆ రెండు నెలల సాయంత్రాలన్నీ పోయినట్టే. మిగతా జట్ల మ్యాచ్‌లు పాయింట్ల పట్టిక కోసం చూడాలంటారు. ఆ పట్టిక పొద్దున పేపర్లో వస్తుంది. కాబట్టి మీ జట్టువి ఉంచి, తక్కినవి కొట్టేయండి. లీగ్ దశ తర్వాత వచ్చే ప్లేఆఫ్స్ మాత్రం మినహాయింపు. మీ జట్టు ఉన్నా లేకపోయినా ఆ నాలుగూ చూడండి, అభిమానికి ఆ హక్కుంది.

ఇంకో రకం పట్టికలు నన్ను ఎక్కువ బాధపెట్టాయి. వాటిలో మ్యాచ్‌లు లేవు, కీబోర్డు ప్రాక్టీసు లేదు, ఆదివారం పొద్దున ఫ్రెండ్స్‌తో ఆడే క్రికెట్ లేదు. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఏడు రోజులూ సబ్జెక్టుల పేర్లే. ఇలా రాసిన వాళ్లందరూ ఒకే మాట చెప్పారు: బుధవారానికే పట్టిక పక్కన పడేశాం అని. పడేయక ఏం చేస్తారు? పొద్దున ఆరూ ముప్పావుకు బస్సెక్కి, రోజంతా క్లాసులు, ల్యాబ్‌లు అయ్యాక ఐదు గంటలు ఏకబిగిన కూర్చునే మనిషి ఎక్కడుంటాడు? ఇష్టమైనవన్నీ తీసేస్తే చదువు పెరగదు. దొంగతనంగా ఫోన్ చూడటం పెరుగుతుంది. జట్టు మీద ప్రేమ, రూమ్మేట్లతో గడిపే గంటలు, సాధన చేస్తున్న పాట, ఇవన్నీ కాలేజీ జీవితంలో భాగాలే. వాటిని తిరిగి పట్టికలోకి తీసుకురండి.

పట్టిక ఎలా గీయాలో, అలారం ఎలా పెట్టుకోవాలో నేను చెప్పను. అది మీకు తెలుసు. హాజరు 75 శాతం తగ్గకూడదన్న సంగతీ తెలుసు. ఇక అసలు ఉచ్చులోకి వద్దాం.

మ్యాచ్ చూడని రాత్రి కూడా మ్యాచ్‌కు పోతోంది. మీ పట్టికల్లో ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా 'డీబీఎంఎస్' (డేటాబేస్ సబ్జెక్టు) అని రాసి, పక్కన చిన్నగా 'స్కోరు మాత్రం చూస్తా' అని రాసినవి చాలా ఉన్నాయి. నిజాయితీగా రాశారు, సంతోషం. కానీ నాకు ఈ మాటంటే చిరాకు, ఎందుకో వివరంగా చెప్తాను.

అందులో నార్మలైజేషన్ లెక్క ఒకటి తీసుకోండి, అంటే ఒకే సమాచారం పదేపదే రాకుండా డేటా టేబుళ్లను విడగొట్టేది. ఒక రిలేషన్ (టేబుల్), ఎ, బి, సి, డి, ఇ అని ఐదు అట్రిబ్యూట్లు (కాలమ్‌లు), ఏది తెలిస్తే ఏది తెలుస్తుందో చెప్పే నాలుగు ఫంక్షనల్ డిపెండెన్సీలు. క్యాండిడేట్ కీ, అంటే మిగతా అన్నిటినీ తేల్చగల అతి తక్కువ కాలమ్‌లు, కనుక్కోవాలి. ఎ క్లోజర్, అంటే ఎ నుంచి ఏమేం వస్తాయో చూడటం, మొదలుపెట్టారు. ఎ నుంచి బి వచ్చింది. ఎ, బి రెండూ ఉన్నాయి కాబట్టి సి వచ్చింది. సి నుంచి డి వస్తుందా అని డిపెండెన్సీల వైపు చూస్తుండగా ఫోన్ వెలిగింది. వికెట్. ఎవరు ఔటయ్యారో చూశారు, అర నిమిషం. ఎలా ఔటయ్యాడో చూశారు, ఇంకో నిమిషం. గ్రూపులో మీవాడు ఏదో పెట్టాడు, దానికి ఒక రిప్లై. తిరిగి కాగితం వైపు వచ్చేసరికి ఎ, బి, సి అని రాసి ఉంది. సి ఎందుకు రాశారో గుర్తులేదు. బి నుంచి వచ్చిందా, ఎ బి కలిస్తే వచ్చిందా? మళ్లీ మొదటినుంచి చూడాలి. చూస్తారు. ఈలోపు ఇంకో సిక్స్.

పోయింది ఆ రెండు నిమిషాలు కాదు. క్లోజర్ లెక్కలో చేతిలో పట్టుకున్న మెట్లన్నీ పోయాయి. ఒక ఇన్నింగ్స్‌కు 120 బంతులు, వైడ్లు, నోబాల్స్ అదనం. ప్రతి బంతికీ స్కోరు మారే అవకాశం ఉంది కాబట్టి మనసు ప్రతి బంతికీ ఫోన్ వైపు లాగుతుంది. ఫోన్ బోర్లా పెట్టినా అంతే. ఈ బంతికి ఏమైందో అన్న ప్రశ్న మనసులో ఉన్నంతసేపు డిపెండెన్సీ మనసుకెక్కదు. రెండు గంటలయ్యాక లెక్క చూస్తే ఒకటిన్నర ప్రశ్నలు చేసి ఉంటారు, అవీ సగం తప్పులతో. ఇంకా దారుణం ఏమిటంటే, మ్యాచ్ కూడా చూసినట్టు కాదు. సన్‌రైజర్స్ ఓపెనర్ ట్రావిస్ హెడ్ కొట్టిన షాట్ చూడలేదు, అంకె ఒకటే చూశారు. చదివినట్టూ కాదు, చూసినట్టూ కాదు, అయినా పదకొండింటికి అలసిపోతారు. ఆ అలసట చూసి 'ఈరోజు బాగా చదివాను' అనుకుంటారు. అదే ఉచ్చు.

ల్యాబ్ రికార్డు రాసేటప్పుడు కూడా చూడకూడదా అని కొందరు అడిగారు. చూడొచ్చు. మార్జిన్లు గీయడం, ఇండెక్స్ నింపడం, సరిచేసిన ప్రోగ్రాం ఫెయిర్ చేయడం టీవీ ముందు కూర్చుని చేసే పనులే. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండేసి స్ట్రాటజిక్ టైమౌట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు, మధ్యలో ఇరవై నిమిషాల విరామం. రికార్డులో ఒక ప్రయోగం అందులోనే అయిపోతుంది. కొత్త కాన్సెప్ట్, లెక్క, డెరివేషన్ మాత్రం వద్దు. ఎంత తెలివైనవాళ్లకైనా వద్దు.

మరి మీ జట్టు మ్యాచ్ ఉన్న రాత్రి ఏం చేయాలి? పరీక్షలు లేని వారమైతే మొత్తం చూడండి, పుస్తకం తెరవకండి. చదవాల్సింది ఉంటే మాత్రం నా పద్ధతి ఒకటుంది: నేను ఛేజింగ్ మనిషిని. మొదటి ఇన్నింగ్స్ వదిలేసి రెండోది పూర్తిగా చూస్తాను. ఏడున్నరకు మొదలైన మ్యాచ్‌లో ఛేజింగ్ తొమ్మిదిన్నరకు అటూఇటూగా మొదలవుతుంది. ఇంటికొచ్చి స్నానం, టిఫిన్ అయ్యాక ఆరున్నరకు కూర్చుంటే మీ చేతిలో రెండున్నర గంటల పైనే ఉంది. ఆ తర్వాత చూసే మ్యాచ్‌లో టెన్షన్ ఉండదు.

మొదటి ఇన్నింగ్స్‌లోనే అసలు ఆట అయిపోతే ఎలా అంటారు. 2024 ఏప్రిల్ 15న బెంగళూరులో సన్‌రైజర్స్ 287 కొట్టిన మ్యాచ్ గుర్తు చేస్తారు. నిజమే, ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102 ఆ రాత్రి ఛేజింగ్ మనుషులకు దక్కలేదు. కానీ అదే మ్యాచ్‌లో బెంగళూరు 262 దాకా వెళ్లింది, దినేశ్ కార్తీక్ 35 బంతుల్లో 83 చేశాడు. రెండో ఇన్నింగ్స్ ఒక్కటే చూసినా కడుపు నిండే ఆట అది. అదే ఏడాది మే 8న ఉప్పల్‌లో లక్నో పెట్టిన 166 లక్ష్యాన్ని హెడ్, అభిషేక్ శర్మ వికెట్ పోకుండా 9.4 ఓవర్లలో ఊదేశారు. ఆ రోజు మొదటి ఇన్నింగ్స్ టైములో చదువుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. మ్యాచ్ తొందరగా అయిపోయింది, ఆటలో మేలైన భాగమంతా చూశారు, నిద్రా మిగిలింది. 2025 ఏప్రిల్ 12న పంజాబ్ మీద అభిషేక్ 141 కొట్టింది కూడా ఛేజింగ్‌లోనే. మీకు పవర్‌ప్లే ఇష్టమైతే మొదటి ఆరు ఓవర్లు చూసి లేవడం కూడా ఒక పద్ధతే అని కొందరంటారు. నేనొప్పుకోను. ఆరో ఓవర్ తర్వాత టీవీ ముందు నుంచి లేచినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్న వాళ్లకు సంగతి వేరు. ఐపీఎల్ రోజుల్లో మన రాత్రి ఏడున్నర డాలస్‌లో పొద్దున తొమ్మిది. క్లాసులో ల్యాప్‌టాప్ ఒక మూల స్కోరు తెరిచిపెట్టుకోవడం పైన చెప్పిన ఉచ్చే. క్లాసు ఉన్న రోజు స్కోరు తెలియకుండా జాగ్రత్తపడి, సాయంత్రం మొత్తం మ్యాచ్ రీప్లే చూడండి. ఇండియాలో ఉన్న ఫ్రెండ్స్ గ్రూపు ఆ పూట మ్యూట్ చేయాలి.

మ్యాచ్ అయ్యాక గంట కూడా కాపాడుకోవాలి. చివరి బంతి పడగానే టీవీ, ఫోన్ రెండూ ఆపండి. ప్రెజెంటేషన్, హైలైట్స్, మీమ్స్ అంటూ పన్నెండున్నర చేస్తే మర్నాడు మొదటి పీరియడ్‌కు హాజరు పడుతుంది కానీ పాఠం ఎక్కదు.

స్నేహితుల సంగతి సులువు: మ్యాచ్ వాళ్లతో కలిసి చూడండి, రెండూ ఒకే గంటల్లో అవుతాయి. హాబీని మాత్రం దేనితోనూ కలపొద్దు. కీబోర్డయినా బొమ్మలయినా వారానికి మూడు సార్లు అరగంట, మ్యాచ్ లేని రోజుల్లో, తలుపు వేసుకుని.

అభ్యాసం. ఈసారిది కష్టమే, అయినా తప్పించుకోకండి. ఈ వారం మీ జట్టు ఆడే రాత్రి ఒకటి ఎంచుకోండి. ఏడు గంటలకు ఫోన్ స్విచాఫ్ చేసి రూమ్మేటుకో, ఇంట్లో అమ్మకో ఇవ్వండి. టాస్ ఎవరు గెలిచారో కూడా మీకు చెప్పొద్దనండి. తొమ్మిదింబావు దాకా డీబీఎంఎస్ పాత ప్రశ్నపత్రాల నుంచి నార్మలైజేషన్ లెక్కలు నాలుగు, ఒక్కో మెట్టూ రాసి చేయండి. ఏ బ్రాంచి వాళ్లయితే ఆ బ్రాంచిలో మిమ్మల్ని ఎక్కువ భయపెట్టే యూనిట్ తీసుకోండి. స్కోరు తెలుసుకోవాలని మనసు లాగినప్పుడల్లా మార్జిన్‌లో ఒక చుక్క పెట్టండి, లెక్క ఆపకండి. ఆ తర్వాత వెళ్లి ఛేజింగ్ మొత్తం చూడండి. మర్నాడు ఆ నాలుగు లెక్కలూ చూడకుండా మళ్లీ చేసి, ఎన్ని సరిగ్గా వచ్చాయో, మార్జిన్‌లో చుక్కలు ఎన్నున్నాయో రాసి పంపండి. చుక్కలు చాలా ఉన్నా ఫరవాలేదు, ఉన్నవన్నీ లెక్కపెట్టి పంపండి. మిడ్ పరీక్షల వారం పాఠం వాటిని బట్టే రాస్తాను.