ఎండాకాలపు ఫొటోకు నీడే మంచి చోటు

కర్నూలులో ఎండలు ముదరగానే చాలామంది ఫొటోలు తీయడం మానేస్తారు గాని, నాకు మాత్రం ఏడాదిలో ఇంతకంటే ఇష్టమైన కాలం లేదు. మన ఊరు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందువల్ల మే మొదటి వారంలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ ఆరుబయట తీసిన ముఖాల్లో కళ్ల చుట్టూ నల్లని నీడలు పడతాయి. అందుకే కొండారెడ్డి బురుజు వంటి కట్టడాలను ఉదయం ఆరున్నర ప్రాంతంలో, ఏటవాలు వెలుగులో రాళ్ల గరుకుదనం తేలి కనిపించేటప్పుడే తీయాలి.

మధ్యాహ్నమే తీయదలిస్తే వేపచెట్టు నీడను ఆశ్రయించండి. అక్కడ కూర్చుని తాటిముంజలు ఒలుస్తున్న అవ్వను ముందుగా అనుమతి అడిగి, ఆమెకు ఎదురుగా ఎండ పడుతున్న సున్నపు గోడ ఉండేలా చోటు చూసుకుంటే, ఆ గోడ నుంచి తిరిగివచ్చే మెత్తని వెలుగు ముఖంలోని ముడతలను, ముంజల తడి మెరుపును ఎంతో అందంగా పట్టి ఇస్తుంది. ఫోన్ తెరపై ఆమె ముఖాన్ని తాకి, వెలుగును కొద్దిగా తగ్గించండి. పూర్తిగా తెల్లబడిన చోట పోయిన వివరాలు తర్వాత ఎంత దిద్దినా తిరిగి రావు.

ఫోన్ వేడెక్కితే కెమెరా ఆగిపోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే తేమ చేరుతుంది కనుక, కవరు తీసి నీడలో గాలి తగిలేచోట ఉంచండి.