మతిమరుపు ఉన్న పెద్దలకు పరికరాల సాయం – 3వ పాఠం: చెప్పకుండా బయటికి వెళ్తుంటే

మొదటి పాఠంలో తేదీ, వారం, పూట పెద్ద అక్షరాలతో చూపించే గడియారం గురించి, రెండో పాఠంలో ఫొటోలు నొక్కితే ఫోను కలిసే ఏర్పాటు గురించి నేర్చుకున్నాం. ఆ రెండింట్లో ఏదైనా పనిచేయకపోతే కాసేపు ఇబ్బంది, అంతే. ఈసారి విషయం అలాంటిది కాదు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్న మనిషి చెప్పాపెట్టకుండా ఇల్లు దాటి వెళ్ళడం ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసే సంగతి. అందుకే ఈ పాఠం కాస్త పొడుగ్గా ఉంటుంది. చివర ఇచ్చిన అభ్యాసం పూర్తి చేసేదాకా ఏ పరికరాన్నీ నమ్ముకుని నిశ్చింతగా ఉండకండి.

కొత్తగా చేరినవారి కోసం మొదటి పాఠంలోని మాట మళ్ళీ చెబుతాను. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం తొలి దశలోనే దెబ్బతింటుంది. ఏళ్ళ తరబడి చేతికి, కాలికి అలవాటైన పనులు మాత్రం అంతకంటే చాలాకాలం మిగులుతాయి. కాబట్టి వారు కొత్తగా నేర్చుకుంటే తప్ప పనిచేయని వస్తువు ఎంత ఖరీదైనదైనా దండగే. నేర్చుకోవలసింది మనం. వారి పాత అలవాటులో వస్తువు కలిసిపోవాలి.

ముందు కొనకండి, రాయండి

ఒక వారం పాటు చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఏ వేళకు తలుపు దగ్గరికి వెళ్తున్నారు, ఏమంటున్నారు, ఏం కట్టుకున్నారు, చేతిలో ఏముంది అన్నవి రాయండి. వారం తిరిగేసరికి ఒక వరుస కనిపిస్తుంది.

రిటైరైన మాస్టారు పొద్దున తొమ్మిదింటికి చొక్కా గుండీలు పెట్టుకుని గేటు తీస్తున్నారంటే, ఆయన మనసులో బడికి వేళయింది. పొద్దువాలే వేళకు సంచీ సర్దుకుని "మా ఇంటికి పోతా" అనే అమ్మమ్మ అడుగుతున్నది మీరు కట్టుకున్న ఇల్లు కాదు, తను పుట్టి పెరిగిన ఇల్లు కావచ్చు. సాయంత్రాలు కలవరం పెరగడం ఈ జబ్బులో తరచూ కనిపించేదే. దాన్ని వైద్యులు సన్‌డౌనింగ్ అంటారు. ఇక రాత్రి రెండింటికి లేచేవారిలో చాలామంది వెతికేది బాత్రూమ్. చీకట్లో చేతికి ఏ తలుపు తగిలితే ఆ తలుపు తీస్తారు.

ఈ మూడో రకానికి ట్రాకర్, అంటే మనిషి ఎక్కడున్నారో మీ ఫోనులో చూపించే పరికరం, కొనడం డబ్బు తగలేయడమే. మంచం దగ్గర ఒకటి, బాత్రూమ్ గుమ్మం దగ్గర ఒకటి మోషన్ సెన్సర్ లైట్లు పెట్టండి. మనిషి ఒంటి వేడిలోని కదలికను గుర్తుపట్టి వాటంతట అవే వెలుగుతాయి, కొంతసేపటికి ఆరిపోతాయి. బాత్రూమ్ తలుపు రాత్రిపూట తెరిచే ఉంచి, లోపలి సీటు మంచం మీది నుంచి కనిపించేలా మంచం జరపండి. లైటు కళ్ళలోకి కొట్టకుండా మోకాలి ఎత్తులో ఉండాలి. ఒక్కోసారి ఇంతటితో రాత్రి తిరుగుడు ఆగిపోతుంది. మీ ఇంట్లో అలా ఆగితే ఈ పాఠంలో మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

తలుపు గంట

డోర్ సెన్సర్ అంటే రెండు చిన్న ముక్కలు. అయస్కాంతం ఉన్న ముక్కను తలుపు రెక్కకు, స్విచ్చి ఉన్న ముక్కను ద్వారబంధానికి అంటించాలి. తలుపు తెరుచుకుని రెండూ ఎడమైతే గంట మోగుతుంది. రెండింటి మధ్య ఎడం సాధారణంగా ఒక సెంటీమీటరుకు మించకూడదు. కొన్న డబ్బా మీద రాసిన కొలత చూసుకోండి. సున్నం వేసిన గోడకు డబుల్ టేపు నిలవదు, చెక్కకే అంటించండి. పసుపు, నూనె తగిలే చోటైతే ముందు పొడిగుడ్డతో బాగా తుడవండి. పాతకాలపు రెండు రెక్కల తలుపులకైతే ముందు ఏ రెక్క తెరుచుకుంటుందో దానికే అయస్కాంతం పెట్టాలి.

ఇందులో రెండు రకాలున్నాయి. సెల్లుతో నడిచి ఇంట్లోనే గంట మోగించేది ఒకటి. వైఫై ద్వారా మీ ఫోనుకు కబురు పంపేది మరొకటి. ఇంట్లో ఎప్పుడూ ఒకరుంటే మొదటిదే మేలని నా అభిప్రాయం. చౌక, పైగా కరెంటు పోయినా మోగుతుంది. వైఫై రకం కావాలంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఇలాంటివి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే కలుస్తాయి, 5 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకుంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా కలవవు. కరెంటు పోతే రూటర్ ఆగి సెన్సర్ మూగబోతుంది. కాబట్టి రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టాలి.

మన ఇళ్ళలో ఉన్న అసలు చిక్కు వేరే. వీధి తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. పాలవాళ్ళు, కూరగాయలమ్మే అమ్మ, పిల్లలు, చుట్టాలు, అందరూ ఆ గుమ్మంలోంచే తిరుగుతారు. అక్కడ గంట పెడితే రెండో రోజుకే చెవులు దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి. పట్టించుకోని గంట అసలు గంట లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే ఉందన్న ధైర్యంతో మనం ఏమరుస్తాం. పగలు కాంపౌండు గేటుకు, రాత్రి వీధి తలుపుకు పెట్టుకోండి. అపార్టుమెంటులో గేటు ఉండదు కాబట్టి గ్రిల్ తలుపుకు పెట్టి, పగలు గ్రిల్ దగ్గరగా వేసి ఉంచే అలవాటు ఇంటివాళ్ళు చేసుకోవాలి.

గంట మోగే పెట్టెను వారి గదిలో గానీ గుమ్మం పక్కన గానీ ఉంచకండి. ఉన్నట్టుండి గణగణమంటే హడలిపోతారు, కంగారులో మెట్ల మీద పడిపోవచ్చు. అది మీ మంచం పక్కన ఉండాలి. మోగినప్పుడు మీరు వెళ్ళి "ఎక్కడికి పోతున్నావ్?" అని నిలదీయవద్దు. "నాన్నగారూ, నేనూ వస్తున్నా, చెప్పులేసుకుంటానుండండి" అని పక్కన చేరి నాలుగడుగులు నడవండి. వీధి చివరిదాకా వెళ్ళి "కాఫీ తాగి వెళ్దామా" అంటే చాలాసార్లు వాళ్ళే వెనక్కి తిరుగుతారు.

తాళం గురించి చాలామందికి సందేహం ఉంటుంది. మనిషిని ఒంటరిగా లోపల ఉంచి బయట తాళం వేసి వెళ్ళకండి. వంటింట్లో మంట రేగినా, బాత్రూములో జారిపడినా బయటపడే దారి ఉండదు. ఈ విషయంలో సర్దుబాటుకు చోటు లేదు.

జీపీఎస్ ట్రాకర్

ట్రాకర్ రెండు పనులు చేస్తుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలతో తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. తర్వాత లోపలి సిమ్ కార్డు ద్వారా ఆ సంగతి మీ ఫోనుకు చేరవేస్తుంది. ఈ రెండూ వేరువేరని గుర్తుంటే ఎక్కడ తేడా వచ్చిందో మీరే పట్టుకోగలరు. ఉపగ్రహ సంకేతం బలహీనమైనది, స్లాబు కింద సరిగా అందదు. అందుకే మనిషి ఇంట్లోనే కూర్చుని ఉన్నా మ్యాపు మీద పక్కవీధిలో కనిపించవచ్చు. చుక్క ఉన్నచోటే ఉండి ఎంతకూ కదలకపోతే మాత్రం సిమ్ సంగతి చూడాలి.

సిమ్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. చౌక ట్రాకర్లలో చాలావాటికి 2జీ మాత్రమే వస్తుంది. జియోకు 2జీ లేదు, అది 4జీతోనే మొదలైన నెట్‌వర్క్. అలాంటి ట్రాకర్లో జియో సిమ్ వేస్తే ఎప్పటికీ పలకదు. కొనేముందే 4జీ ట్రాకరేనా అని అడగండి, మీ వీధిలో ఏ కంపెనీ సిగ్నల్ బాగుంటే ఆ సిమ్ వేయండి. రీఛార్జి గడువును మీ ఫోను క్యాలెండర్లో రాసుకోండి. ట్రాకర్‌కు గడువు దాటిందని ఎవరికీ గుర్తుండదు, అది చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది.

ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ చాలదా అనే ప్రశ్న వస్తుంది. అందులో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. దగ్గరలో ఎవరిదైనా ఐఫోను ఉంటే దాని ద్వారానే తన చోటు తెలుపుతుంది. హైదరాబాద్ మాల్లో బాగానే దొరుకుతుంది, పొలాల మధ్య దారిలో దొరక్కపోవచ్చు. తాళాలు, సంచుల వంటి వస్తువుల కోసం చేసినదే గానీ మనుషుల కోసం కాదని ఆపిల్ సంస్థే చెబుతుంది. తోడుగా ఉంచుకోవచ్చు, దాని మీదే ఆధారపడవద్దు.

ఫోను సంగతేమిటంటే, తొలి దశలో ఉండి, ఇంకా ఫోను జేబులో పెట్టుకునే అలవాటున్నవారికి గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ చాలు. "ఆపేవరకు" అన్నది ఎంచుకోండి, మ్యాప్స్‌కు బ్యాటరీ ఆదా ఆంక్షలు తీసేయండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటలే ఉంటుంది, రోజూ మళ్ళీ మళ్ళీ పెట్టాలి. ఫోను మంచం మీద వదిలి వెళ్ళడం మొదలైన రోజునుంచి ఈ రెండూ పనికిరావు.

ఒంటి మీద ఎక్కడ ఉండాలి? జీవితమంతా వాచీ పెట్టుకున్నాయనకు వాచీ రూపంలో ఉన్నదే కొనండి. పాత వాచీ ఏ చేతికి ఉండేదో కొత్తదీ ఆ చేతికే. లుంగీ, బనియన్ మనిషైతే బనియన్‌కు లోపలివైపు జేబు కుట్టించండి. చీర కట్టేవారికి లంగా నడుముపట్టీ లోపల చిన్న జేబు కుట్టిస్తే బొడ్లో దోపుకునే చిల్లర సంచీలాగే ఉంటుంది, చెయ్యి దాన్ని తీసి పారేయదు. నాలుగు లంగాలకూ జేబులు ఉండాలి, లేకపోతే బట్టలు మార్చిన రోజున ట్రాకర్ దండెం మీదే ఉండిపోతుంది. చెప్పుల్లో దాచడం మన దగ్గర కుదరదు. గుమ్మం ముందు చెప్పులు విప్పే మనుషులం, వెళ్ళేటప్పుడు వట్టికాళ్ళతోనే వెళ్తారు.

ఛార్జింగుకు రోజూ ఒకే వేళ పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చే గంట మంచిది. మరీ తరచుగా చోటు పంపమని పెడితే బ్యాటరీ పూటకే అయిపోతుంది. మామూలప్పుడు పది నిమిషాలకోసారి పెట్టుకుని, అవసరం పడితే ఆప్‌లో నిమిషానికి తగ్గించండి. ఆప్‌లో ఇంటి చుట్టూ ఒక పరిధి గీసుకుంటే, ట్రాకర్ అది దాటగానే మీ ఫోనుకు కబురు వస్తుంది. ఆ పరిధిని 50 మీటర్లు పెడితే ఇంట్లో కూర్చున్నా తప్పుడు కబుర్లు వస్తాయి. 200 మీటర్లతో మొదలుపెట్టి ఒక వారం చూసి సవరించండి. దగ్గరలో చెరువు, కాలవ, రైలు పట్టాలు ఉంటే మాత్రం పరిధిని నమ్ముకోవద్దు. అక్కడ గేటు గంటే ముఖ్యం.

వారికి చెప్పి పెట్టండి. తొలి దశలో ఉన్నవారు ఆలోచించి సరే అనగలరు, వద్దనీ అనగలరు. "అమ్మా, నువ్వు గుడికి వెళ్ళినప్పుడు ఆలస్యమైతే నాకు తెలియడానికి ఇది" అని ఉన్నమాట చెప్పండి. జబ్బు ముదిరిన తర్వాత ఆ అవకాశం రాదు. వారి కదలికలు ఇద్దరు ముగ్గురికే కనిపించాలి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో మ్యాపులు పెట్టకండి.

ఎవరి ఫోను మోగాలి

కాకినాడలో తల్లి, డాలస్‌లో కొడుకు ఉన్న ఇళ్ళు మనకు తెలిసినవే. కబురు మొదట కొడుకు ఫోనుకే వెళ్తుంటే అతను చూడగలడు గానీ వెళ్ళలేడు. మొదటి పేరు అయిదు నిమిషాల్లో చేరగలవారిది కావాలి. పక్కింటి పిన్నిగారు కావచ్చు, వాచ్‌మన్ కావచ్చు. వారిని ముందే అడిగి ఒప్పించండి. ఊరికే నంబరు చేర్చేయడం మర్యాద కాదు. అయితే దూరాన ఉన్న కొడుకు వల్ల ఒక మేలుంది. ఇక్కడ రాత్రి రెండయినప్పుడు వేసవిలో డాలస్‌లో ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. ఇక్కడ అందరూ నిద్రపోయే వేళ అతను మెలకువగా ఉంటాడు. రాత్రి కాపలా అతనికి అప్పగించండి, కబురు రాగానే పిన్నిగారికి ఫోను చేసి లేపడం అతని పని.

అభ్యాసం

ట్రాకర్ మీ జేబులో వేసుకుని, వారు వెళ్ళే అవకాశమున్న దారిలో మీరే నడవండి. ఇంట్లో ఇంకొకరు ఫోను చూస్తూ ఉండాలి. పరిధి దాటిన ఎంతసేపటికి కబురు వచ్చింది, చుక్క ఎంత దూరంగా పడింది, ఏ సందులో సిగ్నల్ పోయింది, నోటుబుక్కులో రాయండి. ఒకసారి కరెంటు మెయిన్ ఆపి తలుపు తీసి చూడండి. రాత్రి పదకొండింటికి ఒకసారి తలుపు తీసి, మొదటి పేరున్న మనిషి నిజంగా లేస్తారో లేదో చూడండి. ఆ సంగతి ముందే వారికి చెప్పి చేయండి.

పరికరాలతో పాటు రెండు పాత పద్ధతులు. చొక్కా కాలరు లోపల, జాకెట్టు లోపల మీ ఫోను నంబరు రాసిన గుడ్డ పట్టీ కుట్టండి. పొద్దున బట్టలు కట్టుకోగానే నిలువెత్తు ఫొటో ఒకటి తీయండి. వెతికేటప్పుడు ఏ రంగు చీర అని అడిగితే ఇంట్లో నలుగురు నాలుగు రంగులు చెబుతారు.

నిజంగా కనిపించకపోతే మొదట ఇల్లంతా, డాబా, బాత్రూములు, కారు చూడండి. అదే సమయంలో ఇంకొకరు నీళ్ళున్న చోటికి, రైలు పట్టాల వైపు పరుగెత్తాలి. నోటుబుక్కులో రాసుకున్న పాత ఇల్లు, బడి, గుడి, బస్టాండు తర్వాత వస్తాయి. పావుగంటలో దొరకకపోతే 112కు ఫోను చేసి, ఆ రోజు ఫొటో పోలీసులకు పంపండి. 24 గంటలు ఆగాలన్న నియమం లేదు. డిమెన్షియా ఉందని మొదటి మాటలోనే చెప్పండి, మామూలుగా అలిగి వెళ్ళిన మనిషి అనుకునే వీలుండదు. వృద్ధుల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14567 ఉంది, పగటివేళ పనిచేస్తుంది.

దొరికాక ఆ పూట ఏమీ అడగకండి. మంచినీళ్ళిచ్చి, కాళ్ళకు దెబ్బలు తగిలాయేమో చూడండి. మర్నాడు నోటుబుక్కులో వేళ, దారి రాసి, గంట మోగిందా, మోగితే ఎవరు విన్నారు అన్నది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

నాలుగో పాఠం మందుల పెట్టెల గురించి. అప్పటికి ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ ఒకచోట చేర్చి, ఏ మాత్ర ఏ పూటకో డాక్టరు దగ్గరో మందుల షాపులోనో అడిగి రాసి ఉంచుకోండి.